ఎడమవైపు మూత

కార్ల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నువ్వు చేసిన ఘనకార్యం ఏమిటని ఎవరైనా అడిగితే, నిజం చెప్పాలంటే, ఒక రంధ్రం. కారు ఒంటికి అరచెయ్యంత రంధ్రం, దానికొక మూత. దాన్ని పెట్టకూడని చోట పట్టుబట్టి పెట్టించినవాణ్ని నేను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న ఇంజనీరు పిల్లలు ఇది చదివి నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నన్ను చూసి నవ్వడానికి మీకంటే ముందు క్యూలో చాలామంది నిలబడ్డారు.

మా బృందం చేసేది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్ల డిజైను. అంటే కారులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, ఇంట్లో ప్లగ్గుకు తగిలించి చార్జి చేసుకునే బ్యాటరీ కూడా ఉంటుంది. ఊళ్లో తిరిగినంతసేపూ బ్యాటరీ మీద నడుస్తుంది, దూరం వెళ్తే ఇంజను అందుకుంటుంది. మేము చేసేది ఒక్క కారు కాదు, ఒక కార్ల కుటుంబం. మంచు పడే దేశానికి బ్యాటరీని వెచ్చగా ఉంచే ఏర్పాటు, ఎడారి దేశానికి చల్లగా ఉంచే ఏర్పాటు, మన దేశానికి స్పీడ్ బ్రేకర్ల మీద కడుపు రాసుకోకుండా కాస్త ఎత్తు. లోపల ఎన్ని తేడాలున్నా పైన ఒళ్లు మాత్రం అందరికీ ఒకటే. ఎన్ని భాగాలు అన్ని దేశాలకూ కలిస్తే డిజైనరు అంత గొప్పవాడని మా లోకంలో లెక్క. ఆ గొప్ప నాకు మహా ఇష్టం.

చార్జింగ్ మూత ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను ఒక్క పూటలో తేల్చేశాను. వెనకాల, ఎడమవైపు. పెట్రోలు మూత కుడివైపు ఉంది కాబట్టి ఇది ఎడమవైపు ఉంటే చూడ్డానికి కుదురుగా ఉంటుంది. రోడ్డుకు కుడివైపు నడిచే దేశాల్లో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, మూత అతని చేతికి దగ్గర. మన దగ్గర ఎడమవైపు ఫుట్‌పాత్ ఉంటుంది, ప్లగ్గు పెట్టే మనిషికి ట్రాఫిక్ తగలదు. ఒక్క రంధ్రంతో ప్రపంచమంతా సుఖపడుతుందని నేను బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తే, భాగస్వామి కంపెనీ నుంచి వచ్చిన విదేశీయులు తలలూపారు. మన ఫుట్‌పాత్‌ల మీద ఏముంటాయో వాళ్లకు తెలియదు సరే, నాకు తెలియదా?

మా బృందంలో ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ దిక్కు నుంచి వచ్చింది, రెండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది, మాట తక్కువ. ఆ రోజు మీటింగ్ అయ్యాక నా గది దాకా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"సార్, ముంగట బంపర్ల పెడితె ఎట్లుంటది? అది ఇప్పి బిగించే ముక్కనే గద. ఏ దేశానికి ఎట్ల కావాల్నంటె అట్ల మార్చుకోవచ్చు."

బంపర్‌లో అయితే దుమ్ము పడుతుందని, చిన్న గుద్దుడుకే పగులుతుందని, మన డ్రైవర్ల సంగతి తెలిసినవాడెవడూ ఆ పని చేయడని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అక్కడితో ఆగినా బాగుండేది. నేను పుట్టి పెరిగింది యాకుత్‌పురా గల్లీలో అని, ఇరుకు దారుల గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదని కూడా అన్నాను. సరే సార్ అని వెళ్లిపోయింది.

హైదరాబాద్ పాతబస్తీలోని ఈ యాకుత్‌పురా సంగతి నేను కంపెనీలో బాగా వాడుకున్నాను. మా నాన్న ఆ గల్లీ చివర ఉన్న చిన్న అమ్మవారి గుడిలో పూజారి. ఇరవై ఆరో ఏట పెళ్లి కాగానే ఊరి అవతలి కొసకు వచ్చేశాను. కింద సొంత పార్కింగ్, గీత గీసి ఫ్లాట్ నంబరు రాసిన స్తంభం, దానికో ప్లగ్గు. అప్పటి నుంచి పాతబస్తీకి వెళ్లడమంటే ఎవరైనా చుట్టాలు వచ్చినప్పుడు లాడ్ బజార్‌లో గాజులు కొనిపించడమే. అయినా విదేశీయులు ఎవరొచ్చినా మా పెద్దసారు నన్ను పిలిచి, ఇతను ఓల్డ్ సిటీ మనిషి, ఇతన్ని అడగండి అనేవారు. నేను కూడా కాలు మీద కాలు వేసుకుని చెప్పేవాణ్ని. పెద్దసారు అంటే మొత్తం కార్యక్రమానికి అధిపతి. ఆయనకు నా మీద ఉన్న నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

నమూనా కార్లు సిద్ధమయ్యాక నాలుగింటిని ఆరు వారాలపాటు మామూలు కుటుంబాలకు ఇచ్చి చూడాలనుకున్నాం. పాతబస్తీలో ఇద్దామని సలహా ఇచ్చింది ఎవరో వేరే చెప్పాలా? అక్కడ గెలిస్తే ఎక్కడైనా గెలుస్తాం అని ఉపన్యాసం ఇచ్చాను. ఇళ్లు వెతకడం, వారం వారం వెళ్లి రావడం, రిపోర్టు రాయడం ఆ అమ్మాయికి అప్పగించారు. ఈ పరీక్ష సరిగ్గా జరిపితే ఆమెను పర్మనెంట్ చేస్తామని పెద్దసారు మాట ఇచ్చారు. ఆమె కాంట్రాక్టు గడువు కూడా పరీక్ష ముగిసే నెలతోనే అయిపోతుంది.

వారానికొక రిపోర్టు నా బల్ల మీదికి వచ్చేది. ప్రతి దాని చివరా సంతకం పెట్టాను. చదివాను అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. చివరి పేజీలో నా పేరు ఎక్కడుందో వెతుక్కుని సంతకం పెట్టడంలో అప్పటికే మంచి నైపుణ్యం సంపాదించాను.

ఆరు వారాల తర్వాత కార్లలోని యంత్రాలు పంపిన లెక్క తీశాం. నాలుగు కార్లూ రోజూ తిరిగాయి. చార్జింగ్ మాత్రం దాదాపు లేదు. ఒక కారు అయితే మొత్తం మీద ఒకేసారి చార్జి అయింది, అది కూడా ఏదో పెళ్లికి వెళ్లినప్పుడు ఫంక్షన్ హాలు ఆవరణలో. మిగిలిన రోజులన్నీ పెట్రోలు మీదే నడిపారు. ఇక్కడి జనం ప్లగ్గు పెట్టుకోరని తేలిపోయింది, మన దేశపు కారులో ప్లగ్గే తీసేద్దాం అని విదేశీయులు అన్నారు. ఒంటి రేకును నొక్కే అచ్చులు కోయడానికి వారమే ఉంది. మర్నాడు పదకొండింటికి మీటింగ్ పెట్టారు.

ఆ సాయంత్రం నేను పెద్దసారుకు ఒక నోట్ రాశాను. ఎంపిక చేసిన కుటుంబాలకు సాంకేతిక అవగాహన లేదని, ఇళ్లలో సరైన ప్లగ్గు కూడా ఉండి ఉండదని, కుటుంబాల ఎంపిక ఫలానా ఇంజనీరుది అని. ఆ ఫలానా ఇంజనీరు ఎవరో మీకు తెలుసు. కుట్ర చేయాలని రాసింది కాదు. నా రంధ్రం మీద నాకు అంత నమ్మకం, అంతే. దానివల్ల ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందని ఆలోచించానా అంటే, ఆలోచించాను. ఒక నిమిషం పాటు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మర్నాడు ఉదయం ఏడింటికల్లా యాకుత్‌పురా చేరాను. వెళ్లింది పశ్చాత్తాపంతో కాదు. ప్లగ్గు లేని గోడను ఫోటో తీసి మీటింగ్‌లో చూపిద్దామని. నాలుగు కార్లలో ఒకటి మా పాత గల్లీలోనే, పాల వ్యాపారం చేసే ఒకాయన ఇంట్లో ఉందని చిరునామా చూస్తే తెలిసింది. మా చిన్నప్పుడు వాళ్ల ఇంటి ముందు బర్రెలుండేవి. ఇప్పుడు బర్రెలు లేవు, మెయిన్ రోడ్డు మీద పాల దుకాణం ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా డిక్కీలో పాల డబ్బాలు వేసుకుని ధూల్‌పేట్ దాకా చుట్టుపక్కలే తిరుగుతాడు. బ్యాటరీ మీద నడిచే కారుకు ఇంతకంటే సరైన మనిషి దొరకడు.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నా వయసువాడే.

"ప్లగ్గు సూడనీకె వొచ్చినవా పంతులూ? రా, సూడు" అని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

గోడకు కొత్త ప్లగ్గు ఉంది. వాన పడకుండా పైన రేకు, కింద ఎర్తింగ్ తీగ, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పెట్టించిన రోజు కొబ్బరికాయ కొట్టారట, ప్లగ్గు డబ్బాకు పసుపూ కుంకుమా బొట్టు కూడా ఉంది. ఫోటో తీయడానికి బయటికి తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

మరి చార్జింగ్ ఎందుకు పెట్టలేదని అడిగాను. అతను కారు వైపు చెయ్యి చూపించాడు. కారు ఎడమ పక్క అతని ఇంటి గోడకు ఆనుకుని ఉంది. అద్దం మడిచి ఉంది. కారుకూ గోడకూ మధ్య నా వేళ్లు కూడా పట్టలేదు. మూత ఆ సందులో ఎక్కడో ఉంది.

జానెడు ఇవతలికి పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"జానెడు జరుపుతె దారి ఏడుంటది? మొన్న లోపలింటి దాదీమా గుజర్‌గయే, పానం వోయింది. జనాజా ఎట్ల వోయిందనుకుంటున్నవ్? అద్దం మలిసి పెట్టిన, అయినా మోసేటోళ్ల మోచేతులు బానెట్‌కు తాకినయి."

నేను ఇంజనీరును కదా, అంత తొందరగా ఒప్పుకోను. అయితే రివర్సులో తెచ్చి పెట్టు, అప్పుడు మూత దారి వైపు వస్తుంది అన్నాను.

"అప్పుడు కుడి డోరు గోడకు ఆనుతది. నేనేడికెల్లి దిగాలె, డిక్కీలకెల్లి దిగాల్నా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా మొహం చూశాడు. "ఈ దారి కొలత మీ నాయిననే జెప్తుండె గద పంతులూ. మా బర్రె జరంత ఇవతలికి మల్లితె కట్టె వట్టుకొని వొస్తుండె. నువ్వు యాది మర్సినట్టున్నవ్."

మరిచిపోయాను. పూర్తిగా మరిచిపోయాను. ఆ గల్లీకి ఒక కట్టుబాటు ఉంది. ఒక వైపు పాత నవాబీ బంగళా అయిన దేవిడీ వెనక గోడ, దాని వెంట మురికి కాలువ. ఇంకో వైపు ఇళ్లు. బర్రె కానీ బండి కానీ ఇంటి గోడకు ఆనించే పెట్టాలి. మిగిలిన దాన్ని చార్ కంధోం కా రాస్తా అనేవారు, నలుగురు భుజాల మీద మోసుకుపోయే దారి అని. ముస్లింల జనాజా వెళ్లినా, హిందువుల పాడె వెళ్లినా, బోనాలప్పుడు మా అమ్మవారి పల్లకి వెళ్లినా అదే దారి. అది తగ్గితే గల్లీలో ఎవరూ ఊరుకోరు, మతంతో పని లేదు. ఆ పల్లకి కింద ఒక భుజం నాది కూడా, పదిహేనో ఏట నుంచి గల్లీ విడిచేదాకా. ఓల్డ్ సిటీ మనిషిని నేనేనని ఊరంతా చెప్పుకుంటూ తిరిగినవాణ్ని.

"ఆ పిల్ల నీకు జెప్పలేదా?" అన్నాడు పాలాయన. "వారం వారం వొచ్చింది. టేపు వట్టి గల్లీ అంత కొలిసింది. మా అమ్మ తోని కూసొని అన్ని రాసుకున్నది. మస్తు తెలివిగల్ల పిల్ల."

చాయ్ తాగి వెళ్లమన్నాడు. తాగలేకపోయాను. ఆఫీసు చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు. బల్ల సొరుగులోంచి మూడో వారం రిపోర్టు తీశాను. మొదటి పేజీలోనే ఫోటో ఉంది, గోడకు ఆనుకున్న కారు, పక్కన గల్లీ కొలతలు. చివరి పేజీలో నా సంతకం ఎంత అందంగా ఉందో చూడకుండానే తెలుసు. అప్పటికే మీటింగ్ నుంచి పిలుపు వచ్చింది. రెండో పేజీ తిప్పకుండానే లేచి వెళ్లాను.

మీటింగ్‌లో ఆ అమ్మాయి బల్ల చివర కూర్చుంది. పెద్దసారు నా నోట్‌ను అందరి ముందూ చదివారు. నేను ఆయన్ను ముందే పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సింది. మీటింగ్ అయ్యాక మెల్లగా చెబుదాం, అందరి ముందూ ఎందుకు అని దారి పొడవునా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఈ ఇళ్లు ఎవరు ఎంచారు అని పెద్దసారు అడిగారు.

"నేనే సార్" అంది.

అంతే. పాతబస్తీలో ఇద్దామన్నది నేనని గానీ, రిపోర్టుల్లో తాను అన్నీ రాసిందని గానీ అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే బహుశా నేను నోరు మూసుకునే కూర్చునేవాణ్ని, నా సంగతి నాకు తెలుసు. చూడకపోవడమే భరించలేకపోయాను.

ఆ నోట్ తప్పని, రాసింది నేనేనని, మూత అక్కడ పెట్టించిందీ నేనేనని చెప్పాను. జనాజా సంగతి, పల్లకి సంగతి, గోడకు ఆనించే సంగతి విదేశీయులకు చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో వివరించాను. వాళ్లలో ఒకాయన ఆసక్తిగా, ఆ దారి వెడల్పు ఎంత అని అడిగాడు. నాకు తెలియదు. ఆ అమ్మాయి కాగితం చూడకుండా చెప్పింది, నాలుగు గల్లీల కొలతలూ వేర్వేరుగా.

తప్పు ఒప్పుకున్న ఊపులో నాకు మళ్లీ ధైర్యం వచ్చింది. ఇందులో పెద్ద ఇబ్బంది ఏమీ లేదు, మూతను ఎడమ నుంచి కుడికి మార్చేద్దాం, దారి వైపు ఉంటుంది, చెయ్యి బాగా అందుతుంది అన్నాను. అందరూ బాగుందన్నట్టు చూశారు. పెద్దసారు మాత్రం ఆ అమ్మాయిని అడిగారు, నువ్వేమంటావని.

"కుడి దిక్కు పెడితె వైరు దారిల పడ్తది సార్" అంది మెల్లగా. "మోసేటోళ్లు కిందికి సూడరు."

ఇంగ్లీషులోకి పెద్దసారే మార్చి చెప్పారు. నేను తల ఎత్తలేదు. ఏళ్ల తరబడి పల్లకి మోసినవాణ్ని. కాలి కింద ఏముందో చూడనే లేదు, చూడాల్సిన పని లేకుండా మా నాన్న కట్టె పట్టుకుని ముందు నడిచేవాడు. ఇది ఆమె మూడో వారం రిపోర్టు రెండో పేజీలోనే రాసిందని తర్వాత చూశాను, బంపర్ బొమ్మతో సహా. ముందు బంపర్‌లో అయితే వైరు కారు ముందు నుంచి నేరుగా గోడకు వెళ్తుంది, దారిలోకి రాదు. బంపర్ విడి ముక్క కాబట్టి ఒంటి రేకుకు రంధ్రమే అక్కర్లేదు, ఏ దేశానికి కావలసిన చోట ఆ దేశం పెట్టుకుంటుంది. కుటుంబం అంటే అందరికీ ఒకే చొక్కా తొడగడం కాదని నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు.

ప్లగ్గు ఉండాలని ఆ రోజే నిర్ణయం అయింది. ఆ అమ్మాయిని పర్మనెంట్ చేశారు, చార్జింగ్ మూత పని మొత్తం ఆమె చేతిలో పెట్టారు. పెద్దసారు బయటికి వస్తూ నా భుజం మీద చెయ్యి వేసి, రిటైర్మెంటుకు ఇంకెంత ఉంది అని ఆప్యాయంగా అడిగారు. ఆ తర్వాత విదేశీయులు ఎవరొచ్చినా నన్ను పిలిచింది లేదు. మంచిదే, వాళ్లకు నిజాలు తెలిసే అవకాశం పెరిగింది.

నాలుగు రోజుల తర్వాత ఆమె కొత్త డిజైను కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చింది. పదకొండు పేజీలు. బృందం పెద్దగా నా సంతకం కావాలి. ఆమె ఆఖరి పేజీ తిప్పి నా ముందు పెట్టింది, అలవాటు కొద్దీ. నేను మళ్లీ మొదటి పేజీకి తిప్పి చదవడం మొదలుపెట్టాను. కళ్లజోడు మార్చుకున్నాను, రెండు చోట్ల అర్థం కాక అడిగాను, ఆమె ఓపికగా చెప్పింది. ఐదో పేజీలో ఉండగా ఎదుట ఏదో చప్పుడైతే తలెత్తి చూశాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంటోంది.

రెండేళ్లుగా నా గదికి రోజూ వచ్చిన మనిషి. నా ఎదుట ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోమని నేను ఎన్నడూ అనలేదు.